మోటారుకారులో రేడియో

ఉపాధ్యాయులు తరగతిలో సులభముగా చేసి చూపదగిన ప్రయోగమొకటి కలదు. చిన్న ట్రాన్సిస్టరు రేడియోను మధ్యతరంగముల పట్టీలో ఏ కేంద్రమును వినబడని చోట నిలుపవలెను. దాని పక్కనే, గ్యాసుపొయ్యిని వెలిగించుటకు వాడు లైటరును నొక్కవలెను. నొక్కిన ప్రతిసారియు రేడియోలో ‘టప్’ మను చప్పుడు వినబడును. లైటరునకును రేడియోకును నడుమ తీగ యేదియు లేదు. అయినను ఆ చిన్న నిప్పురవ్వ పుట్టిన సంగతి రేడియోకు తెలిసినది.

పెట్రోలుతో నడచు మోటారుకారు ఇంజనులో ఇంతకంటె ఎంతో బలమైన రవ్వలు ఎడతెగక పుట్టుచుండును. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగుచున్నదనుకొందము. ఒక్కొక్క సిలిండరులో రెండు చుట్లకొకసారి రవ్వ పుట్టవలెను. అనగా ఒక్కొక్కదానిలో సెకనునకు 25, నాలుగింటిలో కలిపి సెకనునకు 100 రవ్వలు. లైటరు ఒక్కసారి చేయు అల్లరిని కారు సెకనునకు నూరుసార్లు చేయును. ఇట్టి యంత్రమునకు రెండడుగుల దూరములో కూర్చుండి, ఎన్నో మైళ్ల దూరమునుండి వచ్చు బలహీనమైన తరంగమును పట్టి పాట వినవలెనని మానవుడు కోరుకొనెను. ఆ కోరిక తీరుటకు పట్టిన కాలము, ఎదురైన చిక్కులు, వాని వెనుక నున్న భౌతికశాస్త్ర సూత్రములు తెలిసికొనదగినవి.

హెర్ట్జి రవ్వ

1887, 1888 సంవత్సరములలో జర్మనీలోని కార్ల్స్‌రూహె నగరమున హైన్రిక్ హెర్ట్జి విద్యుదయస్కాంత తరంగములను మొట్టమొదట ప్రయోగశాలలో పుట్టించెను. ఆయన వాడిన సాధనము ప్రేరణ తీగచుట్ట. రెండు లోహపు గుండ్ల నడుమ రవ్వ దూకినప్పుడు, కొంత దూరములో నున్న తీగ వలయపు సందులోగూడ ఒక చిన్న రవ్వ కనబడినది. 1895లో కలకత్తాలో జగదీశచంద్ర బోసు ఇట్టి తరంగములను గోడలగుండ పంపి, అవతలి గదిలో గంట మ్రోగించి చూపెను. 1901 డిసెంబరులో మార్కోని అట్లాంటిక్ మహాసముద్రమును దాటించిన సంకేతముగూడ రవ్వనుండి పుట్టినదే.

కారులోని స్పార్క్ ప్లగ్గునకు విద్యుత్తునిచ్చునదియు ప్రేరణ తీగచుట్టయే. అది బ్యాటరీయొక్క స్వల్ప వోల్టేజిని వేలకొలది వోల్టులకు పెంచును. ఆ పెంపుచేత ప్లగ్గు సందులో రవ్వ దూకును. ప్లగ్గు తీగలు ఏరియల్ వలె పనిచేసి తరంగములను వెదజల్లును. ఈ దృష్టితో చూచినచో ప్రతి పెట్రోలు కారును హెర్ట్జి యంత్రమునకు మనుమరాలని చెప్పవచ్చును.

రవ్వ పుట్టించు తరంగములు ఒక్క పౌనఃపున్యమునకు కట్టుబడి యుండవు. అవి మిక్కిలి విశాలమైన పరిధిలో చెదరిపోవును. అందుచేత రేడియోను ఏ కేంద్రమునకు త్రిప్పినను ఆ గరగర వెంబడించును. కేంద్రమును మార్చి తప్పించుకొందమన్నను వీలులేదు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

పోలీసు బండ్లు

కారులో రేడియో వినోదమునకే పుట్టలేదు. 1920 నవంబరులో అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరమునుండి కేడీకేఏ కేంద్రము ప్రసారములు ప్రారంభించిన కొలదికాలమునకే, డెట్రాయిట్ నగర పోలీసులు తమ గస్తీ కార్లలో రేడియో పెట్టుటకు ప్రయత్నించిరి. అంతవరకు దొంగలు కార్లలో పారిపోవుచుండగా, గస్తీ తిరుగు పోలీసులకు ఆ వార్త చేర్చు మార్గము లేకుండెను. కాని ఇంటిలో చక్కగా పలికిన రేడియో కారులో పలుకలేదు. కుదుపులకు గాజు వాల్వులు చెడిపోయెడివి. శ్రుతి కలిపిన పౌనఃపున్యము జరిగిపోయెడిది. పోలీసు కమిషనరు విలియం రట్లెడ్జి ఆధ్వర్యమున ఏడేండ్లు ప్రయోగములు జరిగిన పిమ్మట 1928 ఏప్రిల్ 7వ తేదీన గస్తీ కార్లకు క్రమమైన ప్రసారము మొదలైనది. అదియు ఒకవైపు ప్రసారమే. ఆజ్ఞను విన్న పోలీసులు బదులు చెప్పవలెనన్నచో దగ్గరలోని టెలిఫోను వద్దకు పోవలసి యుండెను. అయినను నడచుచున్న కారులో రేడియో నమ్మకముగా పనిచేయగలదని దీనివలన రుజువైనది.

1930వ సంవత్సరము

చికాగోలో పాల్ గాల్విన్, ఆయన సోదరుడు జోసెఫ్ 1928లో ఒక చిన్న సంస్థను స్థాపించిరి. ఇండ్లలోని రేడియోలను బ్యాటరీలు లేకుండ నడుపు సాధనము వారి మొదటి సరకు. కరెంటుతోనే నేరుగా నడచు రేడియోలు రాగానే దానికి గిరాకి తగ్గినది. అప్పుడు గాల్విన్ కారు రేడియోపై దృష్టి నిలిపెను. విలియం లియరు, ఎల్మరు వేవరింగు మొదలగువారు ఆయనతో కలసి పనిచేసిరి. 1930 జూనులో అట్లాంటిక్ సిటీలో రేడియో ఉత్పత్తిదారుల సమావేశము జరిగెను. గాల్విన్ తన స్టూడిబేకర్ కారులో రేడియోను బిగించి చికాగోనుండి అచటికి నడుపుకొని పోయెను. సమావేశ మందిరము వెలుపల కారును నిలిపి, వచ్చిపోవువారికి పాట వినిపించి సరకు అమ్ముకొనెను. ఆ రేడియోకు ఆయన పెట్టిన ‘మోటరోలా’ అను పేరే తరువాత సంస్థకును స్థిరపడినది. దాని ధర నూరు డాలర్లకు పైమాటే. ఆనాటి చౌక కారు ధరలో అది సుమారు ఐదవవంతు.

ఐరోపాలో మొదటి కారు రేడియోను 1932లో జర్మనీలోని బ్లౌపుంక్ట్ సంస్థ విక్రయించెను. దాని ధర 465 మార్కులు. పెట్టె పెద్దది గనుక చోదకుని చేతికందునట్లు అమర్చుటకు వీలులేక, స్టీరింగు కంబమునకు మీటలను బిగించి వానిద్వారా నడుపవలసి వచ్చెను.

అందరును దీనిని మెచ్చలేదు. పాట వినుచు నడుపువాడు దారిని మరచి ప్రమాదము తెచ్చునని కొందరు భయపడిరి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమునందును, సెయింట్ లూయీ నగరమునందును కారు రేడియోను నిషేధింపవలెనని 1930 ప్రాంతమున ప్రతిపాదనలు వచ్చెను. సెల్‌ఫోను చేతబట్టి బండి నడుపువారిని చూచుచున్న మనకు ఆ భయము వింతగా తోచదు.

ఆరు వోల్టులనుండి రెండువందల వోల్టులకు

ఆనాటి కార్ల బ్యాటరీ సాధారణముగా 6 వోల్టులది. రేడియో వాల్వుల ప్లేట్లకు రెండువందల వోల్టుల ప్రాంతమున విద్యుత్తు కావలెను. మొదట కారు నేల పలకల క్రింద వేరుగా పొడి బ్యాటరీలను పెట్టిరి. అవి అయిపోయినప్పుడెల్ల మార్చవలసి వచ్చెడిది. ట్రాన్స్‌ఫార్మరుతో వోల్టేజిని పెంచుదమన్నచో, అది ఏకముఖ ప్రవాహముతో పనిచేయదు. ప్రవాహము మారుచుండిననే దాని రెండవ చుట్టలో వోల్టేజి పుట్టును. అందుచేత 1930 తరువాతి సంవత్సరములలో ‘వైబ్రేటరు’ వాడుకలోనికి వచ్చెను. విద్యుత్ గంటలో సుత్తి కొట్టుకొన్నట్లు, దీనిలో ఒక సన్నని పలక కంపించుచు బ్యాటరీ ప్రవాహమును త్రుంచుచు, కలుపుచు నుండును. ఆ త్రెంపులతో కూడిన ప్రవాహము ట్రాన్స్‌ఫార్మరునకు సరిపడును. కాని ఈ కంపించు పలక మొనలవద్దను రవ్వలే! రేడియోకు అన్నము పెట్టు సాధనమే దాని చెవిలో చప్పుడు చేయుచుండెను. దానిని లోహపు డబ్బాలో బంధించి, కండెన్సర్లతో అణచవలసి వచ్చెను. 1947 డిసెంబరులో బెల్ పరిశోధనశాలలో ట్రాన్సిస్టరు పుట్టిన తరువాత ఈ గొడవ తీరినది. ట్రాన్సిస్టరుకు కారు బ్యాటరీ వోల్టేజియే చాలును. 1955లో ఫిల్కో సంస్థ వాల్వులు లేని కారు రేడియోను క్రైస్లర్ కార్లకొరకు తయారుచేసెను.

ఇనుప పెట్టెలో ఏరియల్

నలువైపుల లోహముతో మూసిన పెట్టెలోనికి వెలుపలి విద్యుత్ ప్రభావము చొరదని మైకేల్ ఫారడే 1836లో చూపెను. కారుకూడ కిటికీలున్న ఇనుప పెట్టెయే. కావున ఏరియల్ లోహపు కవచమునకు వెలుపల నుండవలెను.

తొలినాటి కార్ల పైకప్పు నడిమి భాగము కర్రబద్దలపై పరచిన గుడ్డతో చేయబడెడిది. ఆ గుడ్డ క్రింద కోళ్లగూటికి వాడునట్టి తీగవలను పరచి ఏరియల్‌గా వాడిరి. అది చక్కగా పనిచేసెను. 1935 నమూనాలనుండి జనరల్ మోటార్స్ సంస్థ పైకప్పును ఒకే ఉక్కు రేకుతో చేయసాగెను. ప్రయాణికులకు రక్షణ పెరిగినది. తీగవలకు మాత్రము చోటు పోయినది. కొందరు కారు అడుగున ఏరియల్ కట్టిరి. అచట బురద, నీరు, రాళ్ల దెబ్బలు. చివరకు కారు ముందుభాగమున నిలువుగా నిలిచిన లోహపు పుల్ల స్థిరపడెను.

ఈ పుల్ల పొడవునుగూర్చి కొంచెము ఆలోచింపవలెను. 1000 కిలోహెర్ట్జ్ మధ్యతరంగము పొడవు 300 మీటర్లు. దానిముందు ఒక మీటరు పుల్ల మూడువందలవ వంతు. ఇంత పొట్టి ఏరియల్ పట్టు శక్తి స్వల్పము. పుల్లనుండి సెట్టువరకు వచ్చు కవచపు తీగ అందులోనుగూడ కొంత హరించును. అందుచేతనే పాత కారు రేడియోలకు చిన్న మర ఒకటి యుండెడిది. బలహీనమైన కేంద్రమును పెట్టి, ఆ మరను త్రిప్పి, ధ్వని హెచ్చుగా వినబడు చోట నిలుపవలెను. ఏరియల్ ధారణశక్తికి సెట్టును సరిపెట్టుటయే దాని పని.

శత్రువును గుర్తించు విధానము

గరగర ఎచ్చటినుండి వచ్చుచున్నదో తెలియనిదే దానిని మాన్పజాలము. ఇంజనీర్లు అనుసరించిన పద్ధతి వైద్యుడు రోగమును పోల్చుకొను పద్ధతివంటిది. ఇంజను వేగముతోపాటు చిటపటల వడి పెరిగినచో అది ప్లగ్గు రవ్వల పని. ఇంజను వేగముతో స్థాయి పెరుగు సన్నని కూత వినబడినచో అది డైనమో బ్రష్షులది. మీట వేసినప్పుడే వచ్చునది అద్దము తుడుచు మోటారుది కావచ్చును. ఇంజను ఆపి, వాలుదారిలో బండిని దొర్లనిచ్చినను చప్పుడు మిగిలినచో అది చక్రములలో పుట్టిన స్థిర విద్యుత్తు. రోడ్డుపై దొర్లు టైరునందు ఆవేశము చేరును. చక్రపు ఇరుసులోని గ్రీజు పొర విద్యుత్తును పోనీయదు. ఆవేశము పెరిగిపెరిగి ఆ పొరను దాటి దూకినప్పుడెల్ల రేడియోలో చప్పుడు పుట్టును. చక్రపు మూతలో చిన్న స్ప్రింగు నొకదానిని పెట్టి చక్రమును ఇరుసుతో కలిపినంతనే ఆ రోగము కుదిరెను.

డైనమో వద్ద కండెన్సరు పెట్టిరి. అది అధిక పౌనఃపున్యపు అలజడికి సులభమైన దారి చూపి, దానిని రేడియోదాక పోకుండ మళ్లించును. ఇంజను మూతను లోహపు పట్టీలతో కారు దేహమునకు కలిపి, మూతను కూడ కవచముగా మార్చిరి. ప్లగ్గు తీగలలో సుమారు 10,000 ఓముల నిరోధములను చేర్చిరి.

అంత పెద్ద నిరోధము వలన రవ్వ బలహీనపడదా యని విద్యార్థులు అడుగవచ్చును. రవ్వ దూకుటకు ముందు తీగలో ప్రవాహము లెక్కకురానంత స్వల్పము. ఓము సూత్రము ననుసరించి నిరోధములో తగ్గు వోల్టేజియు అంతే స్వల్పము. కావున రవ్వ పుట్టుకకు అడ్డులేదు. దూకిన తక్షణమే తీగలలో నిలువ యున్న ఆవేశము ఒక్కసారిగా ఉప్పొంగి, ముందునకు వెనుకకు డోలనము చేయును. తరంగములను వెదజల్లునది ఈ డోలనమే. నిరోధము దానిని అణచివేయును. పని చెడకుండ అల్లరిని మాత్రము తగ్గించు ఉపాయమిది.

దారి చేయు మాయలు

కారును ఎంత చక్కబరచినను, దారి తన ప్రభావమును చూపక మానదు. ఇనుప వంతెనలోనికి కారు చొచ్చినప్పుడు మధ్యతరంగ కేంద్రము అణగిపోవును. వందలమీటర్ల పొడవుగల తరంగము, కొలది మీటర్ల వెడల్పుగల లోహపు గూటిలోనికి చొరజాలదు. అప్పుడే గరగర పెరుగుట గమనింపదగినది. దీనికి కారణము రేడియోలోనే యున్నది. 1926 ప్రాంతమున హారొల్డ్ వీలరు అను ఇంజనీరు కనిపెట్టిన అమరికవలన, సంకేతము తగ్గినకొలది సెట్టు తన వర్ధనమును తానే పెంచుకొనును. ఊరు దాటి పోవుచున్నను పాట ఒకే స్థాయిలో వినబడుట దీని మేలు. కాని వంతెన క్రింద పెంచుటకు పాట లేనప్పుడు అది చప్పుడునే పెంచును.

రాత్రివేళ మరియొక వింత. పగలు వినబడని దూరపు కేంద్రములు చీకటి పడగానే వినబడును. భూమిచుట్టు విద్యుద్వాహకమైన పొర యుండవలెనని 1902లో కెన్నెలీ, హెవిసైడ్ వేరువేరుగా ఊహించిరి. 1924 డిసెంబరులో ఇంగ్లండులో ఎడ్వర్డ్ ఆపిల్టన్, బార్నెట్ ప్రయోగముతో దానిని రుజువు చేసిరి. ఆపిల్టనుకు 1947లో నోబెల్ బహుమానము లభించెను. మన దేశమున కలకత్తాలో శిశిరకుమార్ మిత్ర ఈ శాస్త్రమునకు పునాదులు వేసెను. వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు బి. రామచంద్రరావుగారు అయనోమండల పరిశోధనలు సాగించిరి. అయనోమండలపు అడుగుపొర పగటివేళ మధ్యతరంగములను హరించును. సూర్యుడు అస్తమించిన పిదప ఆ పొర కరగిపోవును. తరంగములు పైపొరలను తాకి దూరప్రాంతములకు తిరిగివచ్చును. భూమిని అంటి వచ్చిన తరంగము, ఆకాశమునుండి మరలివచ్చిన తరంగము ఒకచోట కలసినప్పుడు, ఒకసారి బలపరచుకొనును, ఒకసారి చెరుపుకొనును. రాత్రి ప్రయాణమున పాట ఉయ్యాల యూగినట్లు పెరిగి తగ్గుట ఇందువలననే.

ఆర్మ్‌స్ట్రాంగు మార్గము

ఇంతవరకు చెప్పిన ఉపాయములన్నియు చప్పుడును పుట్టినచోట అణచునవి. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగు వేరుమార్గము చూపెను. మధ్యతరంగ ప్రసారములో పాట యంతయు తరంగపు కంపన పరిమితిలో, అనగా ఎత్తులో, దాగియుండును. రవ్వ చేయు దెబ్బయు ఆ ఎత్తుమీదనే పడును. రెండును ఒకేచోట నున్నప్పుడు విడదీయుట కష్టము. పాటను ఎత్తులోగాక పౌనఃపున్యపు మార్పులలో దాచినచో? అప్పుడు గ్రాహకములో తరంగపు తలలన్నిటిని ఒకే ఎత్తునకు కోసివేయవచ్చును. చప్పుడు చాలవరకు పోవును, పాట పోదు. ఇదియే 1933లో ఆయన పేటెంటు పొందిన ఎఫ్.ఎం. పద్ధతి.

దీని విలువను ముందుగా గుర్తించినవారిలో కనెక్టికట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేనియల్ నోబుల్ ఒకడు. 1940లో ఆ రాష్ట్ర పోలీసులకొరకు ఆయన రూపొందించిన ఏర్పాటులో కార్లు ఎఫ్.ఎం. ద్వారా వినుటయే గాక తిరిగి మాటాడగలిగెను.  ఎఫ్.ఎం. ప్రసారములను వినుటకు తగిన కారు రేడియోను 1952లో బ్లౌపుంక్ట్ తెచ్చెను. మన దేశమున ఆకాశవాణి ఎఫ్.ఎం. ప్రసారములు 1977లో మద్రాసులో మొదలయ్యెను.

అయితే ప్రకృతి ఒకచేత ఇచ్చి మరొకచేత తీసికొనును. 100 మెగాహెర్ట్జ్ తరంగము పొడవు 3 మీటర్లు. 75 సెంటీమీటర్ల పుల్ల దానిలో సరిగా నాలుగవవంతు. ఏరియలుకు మిక్కిలి అనువైన కొలత. కాని ఈ తరంగములు సాధారణముగా క్షితిజరేఖను దాటి ఎక్కువదూరము పోవు. కొండలు, మేడలు వానిని త్రిప్పికొట్టును. నేరుగా వచ్చిన తరంగము, గోడను తాకి వచ్చిన తరంగము కలసినచోట, సగము తరంగదైర్ఘ్యమున కొకటిగా, అనగా ఒకటిన్నర మీటరున కొకటిగా, బలహీన స్థలము లేర్పడవచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు కారు సెకనునకు 16.7 మీటర్లు నడచును. అట్టి స్థలములను సెకనునకు సుమారు పదకొండు దాటును. పట్టణములో ఎఫ్.ఎం. ధ్వని తెగితెగి వినబడుటకు ఇది కారణము.

పొరుగింటి గోడు

కారు చేయు అలజడి కారుతోనే ఆగదు. 1936లో లండనులో బి.బి.సి. టెలివిజన్ ప్రసారములు మొదలైన పిమ్మట, వీధిలో కారు పోయినప్పుడెల్ల ఇంటిలోని తెరపై తెల్లని చుక్కలు రాలెడివి. కారు యజమాని తన రేడియోకొరకు నిరోధములు పెట్టుకొన్నచో అది అతని యిష్టము. పొరుగువాని తెరకొరకు పెట్టించుట యెట్లు? ఇది చట్టముతో తీరవలసిన సమస్య. రేడియో అలజడులను కొలచు పద్ధతులకై 1934లోనే అంతర్జాతీయ సంఘమొకటి పారిసులో ఏర్పడియుండెను. బ్రిటను 1952లో వాహనముల ఇంజను రవ్వలపై నిబంధనలు చేసెను. తన సౌఖ్యమునకు మొదలైన ఉపాయము ఇట్లు పొరుగువానిపట్ల బాధ్యతగా మారెను.

మరల అదే ప్రశ్న

విద్యుత్తుతో నడచు కార్లలో ప్లగ్గులు లేవు, రవ్వలు లేవు. కావున రేడియోకు శాంతి లభించినదని తలపవచ్చును. జరిగినది వేరు. బ్యాటరీ ఇచ్చునది ఏకముఖ ప్రవాహము. మోటారునకు కావలసినది ఏకాంతర ప్రవాహము. వందల వోల్టులను, వందల ఆంపియర్లను అర్ధవాహక స్విచ్చులు సెకనునకు వేలసార్లు త్రుంచి కలుపుచుండును. 1930 నాటి వైబ్రేటరే మహాకాయముతో మరల పుట్టినదని చెప్పవచ్చును. ఈ త్రెంపుల అనుస్వరములు మధ్యతరంగముల పట్టీదాక వ్యాపించును. కవచములు, వడపోతలు పెట్టి అణచవచ్చును. కాని వానికి వ్యయము కలదు, బరువు కలదు. కొందరు తయారీదారులు మధ్యతరంగ గ్రాహకమునే తీసివేసిరి. 2023లో ఫోర్డు సంస్థయు అట్లే చేయనెంచి, విమర్శలు రాగా ఆ సంవత్సరమే మే నెలలో నిర్ణయమును మార్చుకొనెను. ప్రతి కారులోను ఈ గ్రాహకము ఉండితీరవలెనని అదే సంవత్సరము అమెరికా చట్టసభలో బిల్లు ప్రవేశపెట్టబడెను.

ఇది పాతపాటలపై మమకారము కాదు. ఒక్క మధ్యతరంగ కేంద్రము వందలమైళ్ల మేరకు మాట చేర్చగలదు. తుపానులో టెలిఫోను స్తంభములు కూలినను, కరెంటు పోయినను, దూరమున నిలిచియున్న ఒక్క కేంద్రము, బ్యాటరీగల ఒక్క రేడియో చాలును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను ఎరిగిన ఆంధ్రతీరవాసులకు, హెచ్చరిక చేరుటకును చేరకపోవుటకును గల భేదము వేరుగా చెప్పనక్కరలేదు.

హెర్ట్జి బల్లమీది చిన్న రవ్వయే ఒకవైపు రేడియోకు తల్లి, మరొకవైపు దానికి పగ. నూరేండ్లుగా ఇంజనీర్లు చేసినది ఆ రెంటిని విడదీయుట. ఈసారి కారులోగాని బస్సులోగాని పాట నడుమ గరగర వినబడినప్పుడు విద్యార్థులు విసుగుకొనక, అది ఇంజను వేగముతో మారుచున్నదా, వంతెనవద్ద మారుచున్నదా, చీకటి పడగానే మారుచున్నదా యని గమనింతురుగాక. భౌతికశాస్త్ర గ్రంథములోని నాలుగైదు అధ్యాయములు ఆ ఒక్క చప్పుడులో వినవచ్చును.